సున్నం పడని మూల

సిగ్నీ దూడల పాలసీసాలు కడుగుతోంది. రబ్బరు పీకలను తిరగేసి, లోపల కూడా బ్రష్షుతో రుద్దుతోంది. వంటింటి బల్లమీద లాప్‌టాప్ తెరిచి ఉంది. వైద్య కళాశాలలకు దరఖాస్తు పంపడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. అందులో పరిశోధన గురించి రాయాల్సిన చోటు మాత్రం ఖాళీ.

"ఈ ఏడు పంపనమ్మా. మాడిసన్ యూనివర్సిటీ ల్యాబులో రెండేళ్లు పనిచేసి అప్పుడు పంపుతా."

పాన్‌కేకు తిరగేస్తున్న లోర్నా చెయ్యి ఆగింది. "వృద్ధాశ్రమంలో మూడేళ్లు చాకిరీ చేశావు కదే! అది లెక్కలోకి రాదా?"

"వస్తుంది. పరిశోధన తప్పనిసరి కాదట, ఉంటే మంచిదట. ఏం తెలుసుకోవాలనుకున్నావు, ఏం తేలింది అని అడుగుతారట. అందరికీ ల్యాబులున్నాయి. నాకు ఆవులున్నాయి."

పాలు పితకడం ముగించి అప్పుడే లోపలికొచ్చిన ఆర్విడ్, గుమ్మంలో బూట్లు విప్పుతూ నవ్వాడు. "మన ఆవులకేం తక్కువ? ల్యాబు ఎలకలకంటే మర్యాదస్తులు."

"నీకన్నీ వేళాకోళమే నాన్నా! పేడ ఎత్తానని రాయనా?"

ఆర్విడ్ నవ్వు ఆగిపోయింది. "రాయి. నిన్ను చదివించింది ఆ పేడే."

పెనం మీద పాన్‌కేకు అంచు మాడింది.

"దూడలు చచ్చిపోయిన ఆ చలికాలం సంగతి రాయొచ్చుగా," అంది లోర్నా మెల్లగా.

సిగ్నీ తల దించుకుంది. అప్పుడు తనకు పంతొమ్మిదేళ్లు. ఏడు దూడలు విరేచనాలు పట్టి పోయాయి. నాన్న కొన్న కొత్త పాలపొడి మీదే ఆమె అనుమానం. సగం దూడలకు పాత పొడి, సగానికి కొత్తది పట్టి, రోజూ ఎన్ని జబ్బుపడ్డాయో కొట్టం గోడమీద నీలిరంగు గీతలు గీసింది. రెండు వైపులా సమానంగానే జబ్బుపడ్డాయి. ఆ తర్వాత సగం సీసాలు మరిగించి చూసింది. ఆ సీసాలతో తాగిన దూడ ఒక్కటీ జబ్బుపడలేదు. సీసాలు కడిగేది తనే.

"తప్పు నాదని తేలిందమ్మా. అదేం పరిశోధన? అయినా గోడకు ఏటా సున్నం కొడతారుగా, ఇంకేం మిగిలుంటుంది?"

ఆర్విడ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. "ముందు నన్ను అనుమానించావు. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత అందరి ముందూ తప్పు నాదే అన్నావు. నేనైతే రాత్రికి రాత్రే ఆ గోడ తుడిచేసేవాణ్ణి. నువ్వు తుడవలేదు." గొంతు సవరించుకున్నాడు. "నేనూ తుడవనివ్వలేదు."

"అంటే?"

"మోకులు తగిలించే చెక్కను మీ నాన్న ఆ గీతల మీదే ఎందుకు బిగించాడనుకున్నావే?" అంది లోర్నా కళ్లు ఒత్తుకుంటూ. "దాని వెనక సున్నం లేదని పాల ఇన్‌స్పెక్టరు ఏటా తిడతాడు. ఈయన ఏటా వచ్చే ఏడు వేయిస్తానంటాడు."

"వచ్చే ఏడు నిజంగానే వేయిస్తా," అన్నాడు ఆర్విడ్. "ముందు అమ్మాయి ఆ గీతల ఫొటో తీసుకోనీ."

సిగ్నీకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తడి చేతులు జీన్సుకు తుడుచుకుంది. సొరుగులోంచి స్క్రూడ్రైవరు, బల్లమీంచి ఫోను తీసుకుంది. గుమ్మంలో ఉన్న నాన్న బూట్లలోనే కాళ్లు దూర్చి కొట్టంవైపు నడిచింది.