రెండూ పదికి తట్టేది

రెండో నేలమాళిగలో ఉన్న సర్వర్ గది మంచిది కాదని ఆ మందుల కంపెనీలో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట అందులో ఒక పెద్దాయన పోయాడు. రాత్రి డ్యూటీ ఆపరేటర్. శనివారం రాత్రి లోపలికి వెళ్ళినవాడు సోమవారం పొద్దున తలుపు దగ్గర బోర్లా పడి కనిపించాడు. గుండెపోటు అన్నారు. అప్పట్నించీ రోజూ రాత్రి సరిగ్గా రెండు గంటల పది నిమిషాలకు అక్కడ ఎవరో తడుతున్నారు.

తట్టడమంటే తలుపు తట్టడం కాదు — అదే విచిత్రం. తట్టేది ఫైర్‌వాల్‌ని.

ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర కూర్చునే కాపలావాడు అనుకోండి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడే ప్రతి మాటా ఆ పెట్టెలోంచే పోవాలి. వచ్చిన ప్రతివాణ్ణీ ఆపి, తన దగ్గరున్న రూల్స్ జాబితా పైనుంచి కిందికి చదువుతుంది. మొదట ఏ రూల్ వర్తిస్తే దాని ప్రకారం రమ్మంటుంది, లేదా పొమ్మంటుంది. ఎవరొచ్చారో, తానేమందో లాగ్‌లో ఒక్కో వరుస రాసిపెడుతుంది. ఆ లాగ్‌లోనే రోజూ రెండూ పదికి ఒక అడ్రస్ నుంచి ఒక పలకరింపు కనబడేది. పక్కనే ఫైర్‌వాల్ జవాబు — రిజెక్ట్. అంటే, పో.

ఆ అడ్రస్ పెద్దాయన కంప్యూటర్‌ది. ఆ కంప్యూటర్‌ని తుక్కు కింద పడేసి నాలుగేళ్ళయింది…

ఆయన ఉద్యోగంలోకి ఎంతోమంది వచ్చారు, నెలా రెణ్ణెల్లకే ఏదో వంక చెప్పి వెళ్ళిపోయారు. మూణ్ణెల్ల కిందట దగ్గులమ్మ వచ్చింది. ఆ పేరు పెట్టింది గేటు దగ్గరి వాచ్‌మన్ బాబాయ్. ఆమెకి ఉబ్బసం ఉంది, ముందు దగ్గు వినబడి ఆ తర్వాత మనిషి కనబడుతుందని అలా అన్నాడు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. దెయ్యాలంటే ఆమెకి నమ్మకం లేదు, చిరాకు మాత్రం ఉంది. రోజూ పొద్దున రిపోర్టులో అదే వరుస రాయాలి, రోజూ అదే సంతకం పెట్టాలి.

ఆ అడ్రస్‌ని పొమ్మనే రూల్ మాత్రం ముట్టుకోవద్దని చేరిన రోజే సూపర్‌వైజర్ చెప్పాడు. ఆయన్ని చాటుగా రేపు సార్ అంటారు. ఒకప్పుడు ఏ పని చెప్పినా రేపు చూద్దాం అనేవాడట. ఇప్పుడలా అనడం పూర్తిగా మానేశాడు గానీ పేరు వదల్లేదు. ఏం చెప్పాలన్నా గది బయటే నిలబడి చెప్పేవాడు, గడప దాటి ఒక్క అడుగు కూడా లోపలికి వేసేవాడు కాదు. అంత మనిషికి దెయ్యమంటే భయమేమిటని దగ్గులమ్మ లోలోపల నవ్వుకునేది.

ఆ శనివారం రాత్రి రెండు రూల్స్ మార్చాల్సి ఉంది. ఆఫీసంతా ఖాళీగా ఉన్నప్పుడే అలాంటివి మారుస్తారు. సంచులు లోపలికి తీసుకెళ్ళకూడదు కాబట్టి ఆమె తన సంచి బయట అల్మరాలో పెట్టింది. ఉబ్బసం వస్తే పీల్చే మందు ఆ సంచిలోనే ఉంది.

తలుపు కొత్తది, వారం కిందట బిగించారు. లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా కార్డు చూపిస్తేనే తాళం తెరుచుకుంటుంది. ఆ కార్డు ఎవరిదో పై అంతస్తులో ఉన్న ఇంకో మెషీన్‌ని అడిగి తెలుసుకుంటుంది. కార్డు పనిచేయకపోయినా లోపల్నించి తెరవడానికి ఒక ఆకుపచ్చ బటన్ ఉండేది. పెద్దాయన పోయాక రేపు సారే పట్టుబట్టి పెట్టించాడది. కొత్త తలుపు బిగించినవాళ్ళు దాని వైరు కలపకుండా వేలాడదీసి పోయారు. ఆ సాయంత్రం రేపు సార్ ఎలక్ట్రీషియన్ని ఫోన్లో చెడామడా తిట్టి, దగ్గులమ్మతో, వాడు వచ్చేదాకా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకోమన్నాడు. పెట్టుకుంది. కానీ తలుపు మూయకపోతే నిమిషానికోసారి అలారం కూస్తుంది. ఒంటిగంటన్నర దాకా భరించి, తల పగిలిపోతుంటే కుర్చీ లాగేసింది. తలుపు మెత్తగా మూసుకుంది. ఎలక్ట్రీషియన్ రాలేదు.

రెండు మార్పులూ అయిపోయాయి. టైం రెండూ తొమ్మిది.

ఇంకొక్క నిమిషంలో ఆ వరుస వస్తుందని ఆమెకి గుర్తొచ్చింది. వెంటనే ఒక కొంటె ఆలోచన కూడా వచ్చింది. రిజెక్ట్ అంటే పో అని చెప్పి పంపడం. డ్రాప్ అని ఇంకోటుంది, అంటే వచ్చినవాడికి అసలు పలక్కపోవడం. పో అన్నా ఈ దెయ్యం పోవడం లేదు, పలక్కపోతే అదే విసిగి పోతుందనుకుంది. రేపు సార్‌కి తెలిసేలోపు మళ్ళీ మార్చేయొచ్చు.

జాబితాలో అన్నిటికంటే పైన ఒక కొత్త రూల్ — డ్రాప్ — అని టైప్ చేసింది. ఎవరికి పలకకూడదో ఆ అడ్రస్ ఒక్కటీ కొట్టాలి. అది కొట్టకపోతే, అందరికీ అని అర్థం.

సరిగ్గా అప్పుడే దగ్గు వచ్చింది. పొట్ట పట్టుకుని ముందుకి వంగింది. అరచెయ్యి ఎంటర్ కీ మీద పడింది.

తలెత్తి చూసేసరికి తెర బిగుసుకుపోయి ఉంది. ఏ కీ నొక్కినా ఒక్క అక్షరం పడడం లేదు. ఫైర్‌వాల్ ఎవరితోనూ పలకడం మానేసింది… ఆమెతో కూడా.

నెట్‌వర్క్‌తో పనిలేకుండా పెట్టె వెనక నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ ఉంటే నిమిషంలో సరిచేసేది. ఆ కేబుల్ ఎప్పుడో పోయింది, పెద్దాయన తనతోపాటే పట్టుకుపోయాడని ఆఫీసులో హాస్యానికి అనేవారు. ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి కార్డు చూపించింది. ఎర్ర లైటు. మళ్ళీ చూపించింది. ఎర్ర లైటే. కార్డు ఎవరిదని అడగాలన్నా ఆ మాట ఫైర్‌వాల్ దాటాలిగా. బల్ల మీది ఫోనూ నెట్‌వర్క్ మీదే నడుస్తుంది, చెవిలో పెట్టుకుంటే చడీచప్పుడూ లేదు. రెండు అంతస్తుల మట్టి కింద సెల్‌ఫోన్‌కి సిగ్నల్ ఎప్పుడూ లేదు.

అప్పుడు ఏసీ ఆగిపోయింది.

అదీ పైనున్న మెషీన్ చెప్తేనే నడుస్తుంది. మెషీన్ల రొద మాత్రం మిగిలింది, వాటి వెనకనుంచి వేడి కొట్టడం మొదలైంది. తెల్లారితే ఆదివారం, సోమవారం దాకా ఎవరూ రారు. పెద్దాయనకీ ఇదే గది, ఇదే శనివారం. పిడికిళ్ళతో తలుపు బాది "బాబాయ్!" అని అరిచింది. ఆ అరుపుతో దగ్గు ముంచుకొచ్చి, ఊపిరి సగంలోనే నిలబడిపోయింది.

తలుపుకి ఆనుకుని కింద కూలబడింది. ఆకుపచ్చ బటన్ వైరు ముఖం ముందే వేలాడుతోంది.

మాట పోయిన ఫైర్‌వాల్ మీద దీపాలన్నీ కదలకుండా ఉన్నాయి. ఒక్కటి తప్ప. ఒక నారింజ రంగు దీపం మూడుసార్లు మిణుకుమంది. ఆగింది.

టైం రెండూ పది.

మూడు నిమిషాలకి మళ్ళీ… మూడుసార్లు. ఆగింది. ఇంకో మూడు నిమిషాలకి మళ్ళీ. ఇన్నాళ్ళూ రాత్రికి ఒక్కసారి తట్టి, పో అనిపించుకుని పోయేది. ఈ రాత్రి పోవడం లేదు.

ఆమెకి ముచ్చెమటలు పోశాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. లోపలికి పోయే గాలి పిల్లికూతలా కూస్తోంది. నాలుగోసారి. అయిదోసారి. లెక్కపెట్టకుండా ఉండాలనుకుంటూనే లెక్కపెడుతోంది. ఏడోసారికి పెదాలు పొడిబారి, గోళ్ళ కింద తిమ్మిరెక్కింది. ఎవరివైనా సరే, రా, నన్నిక్కణ్ణించి తీసుకుపో అనుకుంది. దెయ్యమంటే నమ్మకం లేని మనిషి దెయ్యాన్నే బతిమాలుకుంది.

తొమ్మిది…

పదోసారి దీపం మిణుకుమని ఆరింది.

అంతే, దీపాలన్నీ ఒక్కసారిగా మిణుకుమన్నాయి. ఏసీ గొంతు సవరించుకుంది. ఆమె వీపు వెనక తాళం టక్కుమంది.

పాక్కుంటూ బయటపడి, అల్మరా తెరిచి, సంచి కింద కుమ్మరించి మందు రెండుసార్లు పీల్చింది. ప్రాణం లేచొచ్చింది. చాలాసేపు గోడకి ఆనుకుని అలాగే కూర్చుంది. తర్వాత తలుపుకి కుర్చీ అడ్డం పెట్టి, అలారం ఎంత కూసినా పట్టించుకోకుండా, లోపలికెళ్ళి తెర చూసింది.

లాగ్ చివర, కన్సోల్ నుంచి ఎవరో రాసిన వరుసలున్నాయి.

పదిసార్లు అడిగాను. జవాబు లేదు. పాత రూల్స్ పెట్టేశాను.
తలుపు తెరిచాను పెద్దాయనా, వచ్చేయండి.

ఇన్నాళ్ళూ తట్టేది పెద్దాయనే అనుకున్నారు అందరూ. మరి పెద్దాయన్ని పిలుస్తున్నదెవరు?

వంగి ఫైర్‌వాల్ వెనక చూసింది. పోయిందనుకున్న కన్సోల్ కేబుల్ అక్కడే తగిలించి ఉంది, మిగతా వైర్ల మధ్యనుంచి నేల పలక కిందికి దిగుతోంది. పలక ఎత్తింది. కింద సబ్బుపెట్టె అంత చిన్న కంప్యూటర్ ఒకటి, నీలం దీపం వేసుకుని బుద్ధిగా కూర్చుని ఉంది. దాని మీద కాగితం అంటించి, తీయొద్దు అని రాసి ఉంది. ఆ చేతిరాత ఆమెకి బాగా తెలుసు. ఆమె సెలవు చీటీల మీద సంతకం చేసేది ఆ చెయ్యే.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆ చిన్న పెట్టె ఆయన ఫోన్‌కి కూడా కబురు పంపిందేమో, రేపు సార్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు. ఆమెని చూసి, తలుపు పట్టుకుని, గడప అవతలే ఆగిపోయాడు. ఆయన రొప్పు ఆమె రొప్పు కంటే ఎక్కువగా వినబడుతోంది.

"బాగానే ఉన్నావా?"

"ఉన్నాను సార్." చేతిలో పలక అలాగే ఉంది. "ఇది మీరే పెట్టారా?"

ఆయన తలూపాడు. ఆ పెట్టెకి పెద్దాయన కంప్యూటర్ అడ్రస్సే పెట్టానని, అది రోజూ ఒకసారి ఫైర్‌వాల్‌ని ఉన్నావా అని అడుగుతుందని, లాగ్‌లో ఆ మాటలు కూడా తను ముందే రాసిపెట్టినవేనని చెప్పాడు. పో అని కసిరినా చాలు, కాపలావాడు మెలకువగా ఉన్నట్టే. ఏమీ పలక్కపోతేనే లోపల ఎవరో చిక్కుకున్నారని అర్థం. చెప్తూ చెప్తూ నేల మీద ఒకచోట చూసి ఆగిపోయాడు. తలుపు పక్కన, ఆమె ఇందాక కూలబడిన చోటు.

"పెద్దాయన గుండె ఊరికే ఆగలేదమ్మా," అన్నాడు మెల్లగా. "ఆ రాత్రి ఇంట్లో మంచం మీద కూర్చుని నేనే ఒక రూల్ పెట్టాను. రెండూ పదికి. అడ్రస్ కొట్టడం మర్చిపోయాను. తెర బిగుసుకుపోయింది."

"ఆయన లోపలున్నాడని మీకు తెలీదుగా సార్."

"తెలుసు. కన్సోల్ కేబుల్ ఉందిగా, ఆయనే సరిచేసుకుంటాడులే అనుకున్నాను." ఆయన చూపు ఫైర్‌వాల్ వైపు పోయింది. "సోమవారం తాళంచెవితో ఈ గది తలుపు తీసింది నేనే. కేబుల్ నా సంచిలోనే ఉంది."

కుర్చీ అడ్డం ఉన్న తలుపు ఇంకా కూస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

"మరి ఆ రాత్రి ఏం చేశారు సార్?"

"రేపు చూద్దాంలే అనుకుని లాప్‌టాప్ మూసేశాను," అన్నాడాయన. "ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టిందమ్మా."