పిచ్చుక కొట్టని అయిదో కిక్

ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవడానికి ఇంకా రెండు నిమిషాలే ఉంది. స్కోరు చెరొకటి.

స్కూల్ ఫుట్‌బాల్ టీమ్ కెప్టెన్‌ని అందరూ లాయరమ్మ అంటారు. టీవీలో పెద్ద క్లబ్బుల మ్యాచ్‌లు చూసి చూసి రూల్స్ అన్నీ నోటికి పట్టేసింది. ఆటలో ఏ తగువొచ్చినా తీర్పు ఆమెదే.

ఇప్పుడామె చూపంతా పిచ్చుక మీదే ఉంది. పిచ్చుక ఆమె ప్రాణ స్నేహితురాలు. మనిషి ఇంతే ఉంటుంది కానీ, పరుగెత్తితే ఎవరికీ అందదు. పెనాల్టీలు మాత్రం సగానికి సగం గోల్ మీదుగా ఎగిరిపోతాయి. అయినా స్కోరు ఇలాగే ఉండి పెనాల్టీ షూటవుట్ వస్తే, చివరిదైన అయిదో కిక్ పిచ్చుకదేనని ఆటల సార్ చెప్పేశారు. అది చూడాలనే వాళ్ళ నాన్న టైలర్ షాపు మూసి మరీ వచ్చాడు.

పిచ్చుక కాస్త కుంటడం చూసి లాయరమ్మకి ఆలోచన తట్టింది. కాలు పట్టేసిందని సార్‌కి చెప్పి, ఆమె బదులు ఇంకొకర్ని దింపించింది.

"మరి నా కిక్కు?" అంది పిచ్చుక.

"షూటవుట్‌కి మళ్ళీ రావచ్చులే. పోయి కూర్చో."

రాకూడదు. చివరి విజిల్ వేసేటప్పటికి మైదానంలో ఉన్నవాళ్ళే షూటవుట్‌లో కొట్టాలి. ఆ సంగతి లాయరమ్మకి బాగా తెలుసు.

విజిల్ వేశాక పిచ్చుక పరుగున వచ్చింది. రిఫరీ తల అడ్డంగా ఊపి వెనక్కి పంపేశాడు. అయిదో కిక్ లాయరమ్మే కొట్టింది. గోల్. అందరూ ఆమెను భుజాల మీదకెత్తుకున్నారు. అంత ఎత్తు నుంచి ఆమెకి టైలర్ ఒక్కడే కనిపించాడు. షాపు తాళాలు పట్టుకుని గేటు వైపు నడుస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆమెకి ఇంట్లో కాలు నిలవలేదు. టైలర్ షాపుకి వెళ్ళింది. వాళ్ళ నాన్న మిషన్ తొక్కుతున్నాడు. పిచ్చుక నేల మీద కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతోంది.

"పోన్లేవే, ఆ హడావుడిలో నువ్వూ రూల్ మర్చిపోయి ఉంటావు," అంది పిచ్చుక.

ఔనంటే అక్కడితో అయిపోయేది.

"మర్చిపోలేదు. తెలిసే పంపాను."

కుట్టు మిషన్ చప్పుడు ఆగింది.

"కొట్టలేననా?"

లాయరమ్మ తలదించుకుని, ఔనంది.

పిచ్చుక సూదిలో దారం ఎక్కించుకుంది.

"కొట్టలేకపోయేదాన్నేమో," అంది. "కానీ నువ్వు చెప్పావని వెళ్ళి కూర్చున్నాను."

మిషన్ మళ్ళీ మొదలైంది.

సోమవారం లాయరమ్మ సార్‌కి కూడా జరిగిందంతా చెప్పింది. ఆయన కోప్పడ్డారు. ఇకపై కిక్కులు కొట్టేవాళ్ళ పేర్లు కెప్టెన్‌గా తను రాయనని, పిచ్చుక రాస్తుందని కూడా లాయరమ్మ అంది. సార్ సరేనన్నారు.

లాయరమ్మ కాగితం, పెన్ను తీసుకెళ్ళి పిచ్చుక ముందు పెట్టింది. పిచ్చుక తలెత్తి చూడలేదు. కానీ పెన్ను తీసుకుంది.

అందులో తన పేరు కూడా రాస్తోందో లేదోనని లాయరమ్మ తొంగి చూడలేదు. బంతులకి గాలి కొట్టడానికి వెళ్ళిపోయింది.