మెల్లిగా నమలరా, కోటీ

నరసరావుపేటలో ఎండ ఇంకా ముదరలేదు. జయలక్ష్మి గ్లాసులో రాగి జావ పోసి తెచ్చి భర్త ముందు పెట్టింది. అది ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడింది.

“తాగాక కొట్టు దగ్గర ఇంకేం ముట్టబాకండి. పదకొండింటికి కీరా ముక్కలు తినండి. డబ్బాలో పెట్టా.”

“అట్టాగే,” అన్నాడు త్రికోటేశ్వరరావు.

“మధ్యాహ్నం కొర్రన్నం, సొరకాయ కూర. క్యారేజీ పంపిస్తా.”

“అట్టాగే.”

అతను చొక్కా గుండీలు పెట్టుకుని, తాళాల గుత్తి తీసుకుని బయటికి నడిచాడు. ఎదురు మాట లేదు. షుగరు బయటపడిన రెండేళ్ల నుంచీ ఆ ఇంట్లో తిండి గురించి ఇంతే మాటలు. ఆమె చెబుతుంది, అతను తలూపుతాడు.

ఒకప్పుడు అలా ఉండేది కాదు. వాళ్ల స్టీలు సామాన్ల కొట్టు ఉన్న బజారులో అందరికీ ఒక మాట అలవాటు. కోటేశ్వరరావు పన్నెండింటికే షట్టరు దించాడంటే, ఇంటి దగ్గర జయమ్మ గుత్తివంకాయ చేసిందన్నమాటే అని నవ్వుకునేవారు. పెళ్ళైన కొత్తలో అతను వంటింటి గడప మీద కూర్చుని, ఆమె పోపు పెడుతుంటే కబుర్లు చెప్పేవాడు. శ్రావణమాసం వస్తే ఇల్లంతా నేతి వాసన. కూతురు ప్రీతి బడి నుంచి వస్తూ వీధి మలుపులోనే ఇవాళ ఏం చేశారో పసిగట్టేది.

ఇప్పుడా వంటింట్లో బెల్లం డబ్బా లేదు. పండగకైనా ఆమె తీపి వండదు. తనకెంతో ఇష్టమైన కాఫీని కూడా భర్త కొట్టుకు వెళ్ళాకే, పొయ్యి గట్టు దగ్గర నిలబడి గబగబా తాగేస్తుంది. ఇంత చేసినా అతని షుగరు దిగడం లేదు. ఎక్కడ పొరపాటు జరుగుతోందో ఆమెకు అంతుపట్టలేదు.

ఆ రోజు అతను ఫోను మర్చిపోయి వెళ్ళాడు. ఎవరో ఒకటే పనిగా ఫోను చేస్తుంటే, ఇచ్చి వద్దామని జయలక్ష్మి ఆటో ఎక్కింది. కొట్టు ముందు ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు చూసుకుని, ధర అడగటానికి లోపలికి కేకేస్తున్నారు. జవాబు లేదు. ఆమె లోపలికి వెళ్ళి, ఇడ్లీ పాత్రలు పేర్చిన అలమర వెనక్కి చూసింది.

త్రికోటేశ్వరరావు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు. చేతిలో నూనె పీల్చిన కాగితం పొట్లం. జిలేబీలు ఒకదాని మీద ఒకటి నోట్లో కుక్కుకుంటున్నాడు. గడ్డం మీద పాకం కారుతోంది.

“ఏమండీ!”

అతను ఉలిక్కిపడ్డాడు. పొట్లం వెనక్కి దాచబోయాడు, దాచలేకపోయాడు. నోరు నిండా ఉండటంతో మాట్లాడలేకపోయాడు కూడా.

“ఇందుకా నేను నోరు కట్టుకుని వండేది? ఇందుకేనా?” ఆమె గొంతు బజారులోకి వినపడింది. బిందెల కోసం వచ్చిన ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జయలక్ష్మి ఫోను గల్లాపెట్టె మీద పెట్టేసి గిరుక్కున తిరిగింది.

తర్వాత ఆ ఇంట్లో మాటలు లేవు. పళ్ళెం పెట్టడం, తియ్యడం, అంతే. సత్తెనపల్లిలో టీచరుగా పనిచేస్తున్న ప్రీతి విషయం తెలిసి, ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది.

“డాక్టరు గారితో మాట్లాడానమ్మా. వాళ్ళ దగ్గరే సలోమి గారని తిండి విషయంలో కోచింగ్ ఇచ్చే ఆమె ఉందంట. ఆదివారమైనా ఇవాళే ఇద్దరినీ రమ్మన్నారు.”

“తిండి తినటానికి కోచ్ ఏందే? ఇదేమన్నా క్రికెట్టా?”

“పోయి చూద్దాం అమ్మా.”

“చూసేదేముంది? మీ నాన్నను కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడుతుంది. నేను పెట్టటంలా?”

త్రికోటేశ్వరరావు మాత్రం మారుమాట లేకుండా చొక్కా వేసుకున్నాడు. శిక్ష పడుతుందని తెలిసి కోర్టుకు బయలుదేరిన వాడిలా ఉంది అతని మొహం.

సలోమికి నలభై ఏళ్ళుంటాయి. ఊరు రెంటచింతల. ఆ ఎండల ఊళ్ళో పుట్టినా మాట మాత్రం చల్లగా ఉంటుంది. రిపోర్టులు చూసి పక్కన పెట్టింది. మందులు డాక్టరుగారు చెప్పినట్టే వాడాలని చెప్పి, అతని వైపు తిరిగింది.

“బాబాయ్ గారూ, మొన్న తిన్న జిలేబి ఎట్టా ఉంది?”

అతను తలెత్తి చూశాడు. ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాడు. ఆమె మొహంలో ఆ ఛాయ లేదు.

“ఏమో అమ్మా. తెలవలా. ఎవరన్నా చూస్తారేమోనని మింగేశా.”

“మరి మీకు రుచి గుర్తున్న తీపి ఏది?”

అతను నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“మాది అచ్చంపేట. మా నాయన సైకిలు మీద సత్తు గిన్నెలు కట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేవాడు. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. ఎప్పుడన్నా మా అమ్మ బూరెలు చేసేది. చేసినా నాయన వచ్చేదాకా ఒక్కటీ ఇచ్చేది కాదు. సైకిలు గంట వినపడగానే మేం ముగ్గురు పిల్లలం చాప పరిచేవాళ్ళం. అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. మా నాయన ఏ ఊళ్ళో ఎవరు ఎట్టా బేరమాడారో వాళ్ళ గొంతుతోనే చెబుతుంటే, మా అమ్మ నవ్వీ నవ్వీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాకేమో తొందరెక్కువ. బూరె మొత్తం ఒక్కసారే నోట్లో పెట్టబోయేవాణ్ణి. మా అమ్మ చెయ్యి పట్టుకుని, మెల్లిగా నమలరా కోటీ, ఎవరూ లాక్కోరు అనేది…”

అతను తన అరచేతుల వైపు చూసుకున్నాడు.

“ఇప్పుడు ఎవరో లాక్కుంటారన్నట్టే తింటున్నా అమ్మా. ఇంత వయసొచ్చి, సొంత కొట్లో, దొంగలాగా.”

జయలక్ష్మి చివాలున లేచింది.

“అంటే లాక్కునేదాన్ని నేనా? చెప్పండి! మీ నోటి దగ్గర కూడు లాగే రాక్షసినా?”

“నేనట్టా అనలేదు జయా.”

“అన్నారు! అందరి ముందూ అన్నారు!” ఆమె అతని వైపు వేలు చూపించింది. “మా నాన్న సంగతి మీకు తెలవదా? ఇదే జబ్బుతో కాలు తీసేశారు. నా పెళ్ళిలో కన్యాదానం కుర్చీలో కూర్చుని చేశాడు. అందరూ అక్షింతలు వేస్తుంటే నేను పంచె కింద ఖాళీగా ఉన్న ఆ చోటే చూస్తా కూర్చున్నా. మీకు షుగరని చెప్పిన రోజు నాకు మళ్ళీ అదే కనపడింది. రోజూ పొద్దున మీరు లేవకముందు దుప్పటి తీసి మీ పాదాలు చూసుకుంటా. పుండేమన్నా పడిందేమోనని వేలు వేలుకీ చూసుకుంటా. అది తెలుసా మీకు?”

తెలియదు. ఆ సంగతి అతనికెప్పుడూ తెలియదు. త్రికోటేశ్వరరావు భార్య మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. రెండేళ్ళుగా తనకు కాపలా కాస్తోందనుకున్న మనిషి, ఇంత భయాన్ని ఒక్కతే మోస్తోందా?

“ఎప్పుడూ చెప్పలేదేమే?”

“చెబితే మీరు భయపడరా?” అని ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చింది. అతను లేచి వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ప్రీతి కళ్ళు ఒత్తుకుంది.

సలోమి ఆ ఏడుపు తగ్గేదాకా ఆగింది.

“పిన్నిగారూ, మీరు అన్నం ఎప్పుడు తింటారు?”

“నాదేముందమ్మా… ఈయనకు క్యారేజీ పంపించాక, ఏదో నిలబడి…”

“చూశారా, బాబాయ్ గారు అలమర వెనక నిలబడి తింటున్నారు, మీరు వంటింట్లో నిలబడి తింటున్నారు. ఇద్దరికీ కడుపు నిండుతోంది గానీ తిన్నట్టు లేదు. నేను పోలీసును కాను, ఇది తినొద్దు అది తినొద్దని చెప్పి పంపను. ముందు ఒక పూటన్నా ఇద్దరూ కూర్చుని, మాట్లాడుకుంటా తినండి. తీపి మీద మనసు పోతే దాయొద్దు, పిన్నిగారికి చెప్పండి. అన్నం తిన్నాక చిన్న ముక్క, రుచి తెలిసేట్టు తినొచ్చు. ఎంతవరకు పనికొస్తుందో డాక్టరుగారు, నేను చూసుకుంటాం. ఎప్పుడన్నా మాట తప్పితే తప్పారు. నాకు ఫోను చేయండి. తిట్టను.”

జయలక్ష్మికి నమ్మకం కుదరలేదు. అయినా మర్నాడు క్యారేజీ పంపలేదు. మధ్యాహ్నం షట్టరు దించి త్రికోటేశ్వరరావు ఇంటికి వచ్చాడు. ఎదురెదురుగా కూర్చుంటే ఇద్దరికీ కొత్తగా అనిపించింది. చివరికి అతను ఇడ్లీ పాత్రకు మూత వదులైందని కొన్న వారానికి తెచ్చి పోట్లాడిన ఒకావిడ సంగతి మొదలుపెట్టాడు. ఆవిడ గొంతుతోనే చెప్పాడు. జయలక్ష్మి ముద్ద చేతిలో పట్టుకుని నవ్వింది.

సలోమి వారానికోసారి ఫోను చేసేది. షుగరు ఎంతో ఎప్పుడూ చివర్లోనే అడిగేది. ముందు ఏం తిన్నారు, ఆకలేసి తిన్నారా, దిగులేసి తిన్నారా అని అడిగేది. ఆ రెండింటికీ తేడా ఉందని అతనికి మెల్లిగా తెలిసొచ్చింది. బేరం లేని రోజు, సరుకు ఆలస్యమైన రోజు, ఎవరన్నా మాట తూలిన రోజు కాళ్ళు వాటంతట అవే మిఠాయి కొట్టు వైపు పోతున్నాయని గమనించాడు. అలాంటప్పుడు జయలక్ష్మికి ఫోను చేసి ఊరికే కాసేపు మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు. కొర్రన్నం నచ్చలేదని సలోమితో చెప్పేశాడు. ఆమె జొన్నరొట్టె తినమంది. అది అతనికి చిన్నప్పటి నుంచీ ఇష్టమే. షుగరు పూర్తిగా దారికి రాలేదు గానీ దిగడం మొదలైంది.

ఒక సాయంత్రం అతను కొట్టు కట్టేసి వచ్చి, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“జయా, ఇవాళ తప్పు చేశా.”

“ఏందండీ?”

“జిలేబీలు తిన్నా. మళ్ళీ ఆ అలమర వెనకే.”

జయలక్ష్మికి తిట్లన్నీ నాలుక చివరికి వచ్చాయి. గోడకు చెయ్యి ఆనించి వాటిని మింగేసింది.

“ఎందుకు చెప్పారు? నాకు తెలిసేది కాదుగా.”

“దాచితే వచ్చి నీ ఎదురుగా కూర్చుని ముద్దెట్టా మింగను?”

ఆమె కళ్ళు నిండాయి. ఈసారి అది భయం కాదని ఆమెకే తెలుస్తోంది.

“సలోమి గారికి రేపు మీరే చెప్పండి. కాళ్ళు కడుక్కుని రండి, రొట్టెలు చల్లారిపోతున్నాయి.”

ఇద్దరికీ పళ్ళేలు పెట్టి ఆమె కూడా కూర్చుంది. అతను రొట్టె తుంచి బీరకాయ పచ్చడిలో అద్దుకుని, నమిలి, కాసేపు ఆలోచించాడు.

“పచ్చిమిరపకాయ ఒకటి తక్కువైందే,” అన్నాడు.

రెండేళ్ళుగా ఏం పెట్టినా నోరెత్తకుండా మింగిన మనిషి తన వంటకు వంక పెట్టాడు. జయలక్ష్మికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఇంకో రొట్టె తుంచి అతని పళ్ళెంలో వేసింది.