నిలబడి తడిసిన రోడ్ రాజా

రేఖని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె నన్ను తిడుతోంది. తిట్టేది నన్నేనని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అందుకే ఊడిపోయిన సైకిల్ చెయిన్ వంక శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాను.

ఖాజాగూడ పాత ఊళ్లో చెరువు వైపు వెళ్లే దారిలో రామన్న సైకిల్ రిపేర్ షాపు ఉంది. జులై నెల, శనివారం పొద్దున. రామన్న ట్యూబుకి ప్యాచ్ వేస్తున్నాడు. ఆయన కూతురు రేఖ చేతిలో ‘రెండు చక్రాలు’ మాసపత్రిక ఉంది.

“నాయినా, గిది విను. ‘కుండపోత వానలోనూ ఒక్క చుక్క లోపలికి రాదు. పదికి తొమ్మిది మార్కులు.’ గిది నమ్మి జాకెట్ కొన్న. నిన్న ఆఫీసుకు పొయ్యేసరికి నడుము కాడికెల్లి మెడ దాక బురద! క్లయింట్ మీటింగంత గోడకు వీపు ఆనిచ్చి మాట్లాడిన.”

“ఎవలు రాసిండ్రు బిడ్డా?”

“రోడ్ రాజా అంట. వాని మొకం!”

ఆ మొహం అప్పటికి ఆమెకి మూడడుగుల దూరంలో ఉంది.

మీ దగ్గర దాపరికం దేనికి? కొండాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నేను యూజర్ మాన్యువల్స్ రాస్తాను. సెలవు రోజుల్లో రోడ్ రాజా అన్న పేరుతో సైకిళ్ల మీద రివ్యూలు రాస్తాను. కంపెనీలు పంపిన సైకిల్ని మా కొత్తగూడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు రౌండ్లు తొక్కుతాను. మూడో రౌండుకి ఆయాసం వస్తుంది కాబట్టి మిగతాది బ్రోషర్ చూసి రాస్తాను. జాకెట్‌కి మాత్రం నిజంగానే కష్టపడ్డాను. తొడుక్కుని నిలబడితే, మా వాచ్‌మన్ గోవిందప్ప కార్లు కడిగే పైపుతో పది నిమిషాలు నా మీద నీళ్లు కొట్టాడు. ఒట్టు, ఒక్క చుక్క లోపలికి రాలేదు.

“వాడు నిలవడి టెస్ట్ చేసిండు నాయినా,” అంది రేఖ. “తొక్కేటప్పుడు ముంగటికి వంగుతం గదా, జాకెట్ వెనక పైకి లేస్తది. టైరు కొట్టే బురదంత అండ్లకెల్లే లోపలికి పోతది. సైకిల్ మీద కూసుంటే మొదటి కిలోమీటర్లనే ఎర్కైతుండె.”

ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అని తర్వాత తెలిసింది.

“మీకేం గావాలె?” అంది నా వైపు తిరిగి.

“చెయిన్ అండి. ఊడిపోయిందండి.”

“పెట్టుకోవచ్చు గదా?”

“అలవాటు లేదండి.”

ఆమె పది సెకన్లలో చెయిన్ ఎక్కించింది. నల్లబడ్డ చేతుల్ని రోడ్ రాజా పేజీకే తుడుచుకుంది. ప్రేమించడానికి అంతకంటే మంచి ముహూర్తం దొరకనట్టు, నా మనసు అప్పుడే జారింది.

అది మొదలు నా సైకిల్‌కి ప్రతి శనివారం ఏదో ఒక జబ్బు. సందు మలుపు దాకా ఆటోలో తెచ్చి, అక్కణ్ణుంచి నడిపించుకుంటూ వెళ్లేవాణ్ణి. ఒక వారం బెల్లు మోగదు. ఇంకో వారం సీటు కదులుతుంది. నాలుగో వారం రామన్న ఒక నట్టుని వెలుతురులో తిప్పి చూశాడు.

“ఏంది సారూ, గీ నట్టు దానంతటదే ఊడలే. ఎవలో పానా పెట్టి ఇప్పినట్టున్నది.”

“మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలు అల్లరండి,” అన్నాను.

రేఖ అటు తిరిగింది. నవ్వుతోందని భుజాలు చెప్పాయి.

“రేపు పొద్దుగాల తెల్లాపూర్ దాక పోతున్న. వస్తవా చైతన్యా?” అంది.

“నేను రోజూ వెళ్లే దారేనండి,” అన్నాను. నేను రోజూ వెళ్లేది మా కారిడార్‌లో లిఫ్ట్ దాకా.

మర్నాడు నల్లగండ్ల దాటేసరికి నాకు లోకం గిర్రున తిరిగింది. వాకింగ్‌కి వచ్చిన ఇద్దరు పెద్దావిడలు కబుర్లు చెప్పుకుంటూ నన్ను దాటిపోయారు. తెల్లాపూర్‌లో టీ బండి కనిపించగానే దేవుడు కనిపించినట్టయింది.

“నువ్వు గీ సైకిల్ రివ్యూలు సదువుతవా?” అడిగింది రేఖ.

టీ ఊదుకున్నాను. “అప్పుడప్పుడు. మీకు వాటిలో ఏం కావాలండి?”

“ఎన్ని గ్రాముల బరువో మాకెందుకు? నేను ఐదడుగులున్న. నా కాలు నేలకు అందుతదా? ఏదన్న ఊడితే మా నాయిన అసుంటోళ్లు బాగుచేస్తరా, కంపెనీకి పంపాల్నా? మూడు నెల్లు వాడినంక ఏది వదులైతది? గది రాయాలె. మంచిగ లేకుంటే లేదని రాయాలె.”

“కంపెనీ వాళ్లు బాధపడతారేమోనండి.”

“మరి నా వీపు బాధపడలే?”

చెమటకి ఆమె ముంగురులు నుదుటికి అంటుకుపోయాయి. గ్లాసులోంచి ఆవిరి వస్తోంది, పైన సన్నగా జల్లు మొదలైంది. ఈ అమ్మాయి లేకపోతే నాకు శనివారాలే వద్దనిపించింది.

“అబద్ధమాడెటోళ్లతోని నాకు అస్సలు పడది,” అంది ఆమె, గ్లాసు కింద పెడుతూ.

చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. వచ్చే శనివారం చెబుదామనుకుని, తిరుగు దారంతా ఆ శనివారం ఎప్పటికీ రాకూడదని కోరుకున్నాను.

వచ్చింది. నేను వెళ్లేసరికి రేఖ కొత్త బ్రేక్ రబ్బర్ల ప్యాకెట్ విప్పుతోంది.

“వచ్చే వారం మా టీమోళ్లతోని అనంతగిరి గుట్టలకు పోతున్న. వానకాలం, ఘాట్ రోడ్డు. గీ బ్రేకులు మంచిగున్నయంట. ‘తడి రోడ్డు మీద కూడా ఠక్కున ఆగింది’ అని రోడ్ రాజానే రాసిండు. జాకెట్ల మోసం చేసిండు గని, బ్రేకుల తాన అబద్ధం రాయడు గదా. పాణం మీది ముచ్చట. నాయినా, బిగియ్యి.”

మా సెల్లార్‌లో తడి రోడ్డెక్కడిది? రామన్న పానా అందుకున్నాడు.

“వద్దండి! బిగించకండి. అవి తడిలో ఆగుతాయో లేదో నాకు తెలియదు.”

“నీకెందుకు తెల్వాలె?”

“రాసింది నేనే కాబట్టండి.”

రామన్న చేతిలో పానా ఆగిపోయింది. రేఖ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

“జాకెట్?”

“నిలబడే తడిశానండి. వాచ్‌మన్ పైపు పట్టాడు.”

ఆమె నవ్వుతుందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. నవ్వలేదు.

“ఇన్ని రోజులు నా ముంగటనే కూసొని నా తిట్లన్ని విన్నవ్. జర సిగ్గనిపియ్యలేదా?”

“అనిపించిందండి. చెబితే మీరు ఇంక మాట్లాడరని భయమేసింది. సిగ్గు కంటే భయమే ఎక్కువైంది.”

ఆమె ఆ రబ్బర్లు నా చేతిలో పెట్టింది. “ఇంటికి పో.”

వెళ్లాను. ఆ రబ్బర్లు నా సైకిల్‌కే వేయించుకుని, అదే జాకెట్ తొడుక్కుని, వాన పడ్డ ప్రతి పొద్దునా తెల్లాపూర్ దాకా తొక్కాను. మొదటి రోజు వాలులో బ్రేకు వేస్తే సైకిల్ ఆగింది. నేను అనుకున్న చోట కాదు, మూడు బారల అవతల, కొబ్బరిబొండాల బండికి ఆనుకుని. బండాయన తిట్టిన తిట్లు కూడా రివ్యూలో రాశాను. జాకెట్‌కి పదికి మూడు, బ్రేకులకి నాలుగు, రోడ్ రాజాకి సున్నా వేశాను. సెల్లార్ సంగతీ, పైపు సంగతీ దాచకుండా రాసి, కింద నా అసలు పేరు పెట్టాను.

ఎడిటర్ భీమేశ్వరరావు గారు ఫోన్ చేశారు. “ఏమయ్యా, ఇది అచ్చేస్తే ఆ కంపెనీలు మనకింకో వస్తువు పంపుతాయా?”

“పంపవండి.”

“పోన్లే, ఆఫీసులో వాళ్లు పంపిన అట్టపెట్టెలతో కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. వేసేద్దాం.”

పత్రిక వచ్చిన శనివారం, ధైర్యం కూడగట్టుకుని ఖాజాగూడ బయల్దేరాను. దారిలో వాన, వానలో చెయిన్ ఊడింది. ఈసారి నిజంగానే ఊడింది. పావుగంట కుస్తీ పట్టి నేనే ఎక్కించుకున్నాను.

షాపు ముందు ఆగేసరికి లోపల రేఖ గొంతు వినిపించింది. “‘ఐదడుగుల వాళ్లకి ఈ జాకెట్ చేతులు పొడవవుతాయి...’”

“సాలు బిడ్డా,” అన్నాడు రామన్న. “పొద్దుగాల సంది మూడుసార్లు సదివినవ్.”

నన్ను చూసి ఆమె పత్రిక గబుక్కున మూసింది. ఆమె చూపు నల్లటి నా చేతుల మీద ఆగింది.

“చెయిన్ ఎవలు ఎక్కిచ్చిండ్రు?”

“నేనేనండి.”

“ఎన్ని కిలోమీటర్లు తొక్కినవ్?”

“మూడొందల పైనేనండి.”

“వీపు సూపియ్యి.”

తిరిగాను. నడుము నుంచి మెడ దాకా బురద చార. వెనక ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వు విన్నాక నాకు నోరు పెగిలింది.

“మీ ఆఫీసులో టెస్ట్ ఫెయిలైన దాన్ని ఏం చేస్తారండి?”

“తప్పు యాడుందో సూస్తం. బాగుచేయిస్తం. మల్ల టెస్ట్ చేస్తం.”

“అయితే నన్నూ మళ్లీ టెస్ట్ చేయండి. మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఇది బ్రోషర్ చూసి చెప్పేది కాదు.”

రేఖ గుడ్డ తీసి నా చేతికిచ్చింది. చెవుల దాకా ఎర్రబడింది.

“నీకు నువ్వు సున్నా ఏసుకున్నవ్. నేను నాలుగేస్త. చెయిన్‌కు ఒకటి, వీపుకు ఒకటి, నిజం చెప్పినందుకు రెండు.”

“మిగతా ఆరు?”

“మూడు నెల్లు సూడకుండ మార్కులెట్లేస్తరు?”

ఆమె టీ తెస్తానని లోపలికి పారిపోయింది. రామన్న నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి నట్టూ తడిమి చూశాడు. అన్నీ గట్టిగానే ఉన్నాయి.

“ఇగ నట్లు ఇప్పుకొని రాకు సారూ,” అన్నాడు. “ఉత్తగనే రా.”