తెగిన ఐదు రాకెట్లు

ఉదయం 9.40. స్టేడియం కింది అంతస్తు. మూడో నంబర్ డ్రెస్సింగ్ రూమ్.

బెంచీ మీద ఐదు బ్యాడ్మింటన్ రాకెట్లు. ఐదింటికీ స్ట్రింగులు తెగి వేలాడుతున్నాయి.

అవి ఇరవై తొమ్మిదేళ్ల సింగిల్స్ క్రీడాకారిణివి. ఒకప్పుడు దేశంలో రెండో ర్యాంకు. ఇప్పుడు నలభై మూడు. పదకొండింటికి మొదటి రౌండ్ మ్యాచ్. ఓడితే జట్టు జాబితాలోంచి పేరు పోతుంది.

"ఎవరూ ముట్టుకోకండి. ఇవి ఎవిడెన్స్," అంది టోర్నమెంట్ సెక్యూరిటీ చూస్తున్న లేడీ ఇన్‌స్పెక్టర్.

కారిడార్ సీసీ కెమెరా ఫుటేజీ చూసింది. 8.10కి రాకెట్ల బ్యాగు పెట్టాక లోపలికి వెళ్లింది నలుగురే. ఆ క్రీడాకారిణి. ఆమెకు కోచ్ అయిన తండ్రి. రాకెట్లకు గట్టింగ్ చేసే, అంటే స్ట్రింగులు బిగించే పెద్దాయన. అదే గదిలో బట్టలు మార్చుకునే ప్రత్యర్థి, పంతొమ్మిదేళ్ల పిల్ల. ఒక్కొక్కరూ లోపల పది నిమిషాలకు తక్కువ లేరు.

ముందు ప్రత్యర్థిని పిలిచింది.

"ఆ అక్కంటే నీకు పడదటగా?"

"ఎవరన్నారు మేడమ్? నాలుగేళ్లు వాళ్ల నాన్నగారి దగ్గరే నేర్చుకున్నా. పోయిన మూడుసార్లూ అక్కని నేనే ఓడించా. రాకెట్లు కోసే ఖర్మ నాకేంటి?"

తర్వాత గట్టింగ్ పెద్దాయన.

"నిన్న కోచ్ నిన్ను నలుగురిలో తిట్టాడు. నిజమేనా?"

"ఆయన తిట్టని రోజేది తల్లీ? అయినా ఒక మాట. స్ట్రింగులు ఒక పక్క కోస్తే ఫ్రేము వంకరపోతుంది. వీటిని నడిమధ్య నుంచి, అటొకటి ఇటొకటి, ఓపిగ్గా కోశారు. ఫ్రేములు చెక్కు చెదరలేదు."

"అంటే పని తెలిసినవాళ్లు."

"ఈ ఆటలో ఉన్న అందరికీ తెలుసు."

తండ్రి అసహనంగా అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"టైమ్ వృథా చేస్తున్నారు మేడమ్. పక్కవాళ్ల రాకెట్‌తో మా అమ్మాయికి చెయ్యాడదు. దాని పద్ధతి దానిది. మ్యాచ్ రోజు ఎనిమిదిన్నరకల్లా మోకాలికి టేపు, తొమ్మిదిన్నరకి వార్మప్. పదేళ్లుగా ఒక్కరోజు తప్పలేదు."

కూతురు గోడవైపు చూస్తూ కూర్చుంది. షార్ట్స్ కింద కుడి మోకాలి మీద రెండు పాత ఆపరేషన్ గాట్లు.

"నీకెవరి మీదైనా అనుమానం ఉందామ్మా?"

"లేదండీ."

10.10కి ఇన్‌స్పెక్టర్ నలుగుర్నీ ఆ గదిలోనే నిలబెట్టింది.

"పగతో చేసినవాళ్లు ఫ్రేములు విరగ్గొట్టేవాళ్లు. ఇక్కడ మ్యాచ్ ఆగాలి, రాకెట్లు పాడవకూడదు. అంత ప్రేమ ఎవరికుంటుంది?"

ఇన్‌స్పెక్టర్ కూతురి కుడి మోకాలి వైపు వేలు చూపింది.

"అందరం రాకెట్ల వంక చూశాం. మోకాలి వంక ఎవరూ చూడలేదు. ఎనిమిదిన్నరకే పడాల్సిన టేపు తొమ్మిదీ నలభైకి కూడా లేదు. మ్యాచ్ జరగదని ఎనిమిదిన్నరకే తెలిసిన మనిషి ఒక్కరే."

తండ్రి కూతురి వైపు తిరిగాడు.

"అమ్మలూ?"

"నేనే నాన్నా."

ఆ గొంతులో భయం లేదు. అలసట ఉంది.

"మోకాల్లో అరగడానికి ఇంకేం మిగల్లేదని డాక్టర్ చెప్పింది మేడమ్. ఇలాగే ఆడితే నడక కూడా పోతుందంది. నాన్నకి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఏడ్చాడు. ఏడ్చి, ఇంజెక్షన్ చేయించాడు. ఆయన ఏడిస్తే నేను చూడలేను."

తండ్రి తల దించుకున్నాడు.

ఆమె ఇన్‌స్పెక్టర్ దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"రిపోర్ట్ రాయండి మేడమ్. నన్ను బ్యాన్ చేస్తారు కదా? రెండేళ్లు చేసినా చాలు."

ఇన్‌స్పెక్టర్ పాతికేళ్ల సర్వీసులో శిక్ష వెయ్యమని చేతులు పట్టుకున్నవాళ్లు లేరు. తెలిసిన రూల్సన్నీ మనసులో తిరగేసింది. ఒక్కటీ పనికిరాలేదు.

"నీ వస్తువులు నువ్వు కోసుకుంటే నేరం కాదమ్మా."

"కాదా?"

"కాదు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు."

కేసు ముగిసింది. ఇక ఆ రాకెట్లు ఎవిడెన్స్ కావు.

తండ్రి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. బెంచీ మీంచి రెండు రాకెట్లు తీసి, ఫ్రేముల్ని వెలుతుర్లో తిప్పి చూశాడు. గట్టింగ్ పెద్దాయనకి ఇచ్చాడు.

"రెండిటికీ ఎంతసేపు?"

పెద్దాయన ఎవరి మొహమూ చూడలేదు.

"నలభై నిమిషాలు."

"సరిపోతుంది."

10.55కి మైకులో మ్యాచ్ పిలుపు వచ్చింది. ఆమె లేచి, జుట్టు ముడి బిగించుకుని, తండ్రి వెనకే మెట్లెక్కింది. ఒక్కో మెట్టు మీదా ఆగుతూ.