లాకరా, లిమిటెడ్ స్లిప్పా?

"పక్క సీట్లో రోజూ ఎవరు కూర్చుంటారు?"

జీపు కింద నుంచి వచ్చిన ప్రశ్నకి దేవేంద్ర ఉలిక్కిపడ్డాడు. అడిగింది నీలవేణి. బొబ్బిలిలో ఆమె తండ్రి నరసింగరావు నడిపే గేరేజీలో సగం పని ఆమెదే.

"అదెందుకండీ మీకు?"

"వెనక చక్రాలు తిప్పే డిఫరెన్షియల్ మార్చమన్నది మీరే కదా. బండిలో బరువెంతో తెలియొద్దేటి?"

నిజమే, మార్చమన్నది అతనే. దేవేంద్రది గజపతినగరం పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. రోజూ ఆ జీపులోనే కొండ ఊళ్లకి వెళ్లి ఆవులకీ మేకలకీ సూదులు వేసి రావాలి. వాన పడితే చాలు, వెనక చక్రాల్లో ఒకటి బురదలో గిర్రున తిరుగుతుంది, రెండోది పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా కదలకుండా కూర్చుంటుంది.

దానికి మందు రెండు రకాలని నీలవేణి ముందే చెప్పింది. లాకర్ వేస్తే రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, ఎంత బురదైనా దాటేస్తుంది. కానీ తడిసిన తారు రోడ్డు మీద మలుపు తిరిగితే బండి వెనక భాగం జారుతుంది. లిమిటెడ్ స్లిప్ అంత మొండిది కాదు. బురదలో కాస్త తక్కువ లాగినా రోడ్డు మీద మాట వింటుంది.

"సాయంత్రం పెందలాడే ఇంటికెళ్లిపోతారా? మలుపుల కాడ తొందరెక్కువా?" జీపు కింద నుంచి ఇంకో రెండు ప్రశ్నలు వచ్చాయి.

అప్పుడు వెలిగింది దేవేంద్రకి. పొద్దున్నే అమ్మ ధనలక్ష్మి చెప్పింది, "బొబ్బిలి నుంచి సంబంధం వస్తాదంట్రా. ఎవరో నీ గురించి ఆరా తీస్తన్నారు" అని.

ఆరా ఎక్కడ తీస్తారో ఆ జిల్లాలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? పెళ్లికొడుకు ఇంటికొచ్చి అడగరు. అతను టీ తాగే చోట, గడ్డం గీయించుకునే చోట, బండి బాగుచేయించుకునే చోట అడుగుతారు. అంటే ఎవరో ఆడపెళ్లివారు ఈ పిల్లని పట్టుకున్నారన్నమాట. చిన్న బ్రేకు చప్పుడుకి కూడా తను ఇంత దూరం ఎందుకొస్తున్నాడో ఈమెకి తెలియదా? తెలిసీ ఇంకొకరికి అంటగడుతోందా? దేవేంద్రకి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. ఇప్పుడు దానికి కోపం తోడైంది.

ఆ సంబంధం చెడిపోవాలి, అంతే.

"పక్క సీట్లో సీసాలుంటాయండి," అన్నాడు. "సాయంత్రమైతే మందు పడందే నా చెయ్యి స్టీరింగు పట్టదు. మలుపుల్లో తొందరే మరి."

స్పానరు చప్పుడు ఆగింది. నీలవేణి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అతన్ని ఎగాదిగా చూసింది.

"తాగి తోలే మనిషికి నేను లాకరూ బిగించను, లిమిటెడ్ స్లిప్పూ బిగించను. బండి తీసుకెళ్లిపోండి."

మర్నాడు పొద్దున్న ధనలక్ష్మి కాఫీ గ్లాసు కొడుకు ముందు టక్కున పెట్టింది.

"ఒరే, నువ్వు మందు తాగుతావేటిరా? వాళ్లు వద్దనేసినారు."

"పోనీలేమ్మా. ఇంతకీ ఎవరు వాళ్లు?"

"గేరేజీ నరసింగరావు గారు. కుర్రోడిని నేనే అడిగి తెలుసుకుంటానని ఆ పిల్ల నీలవేణి పట్టుబట్టినాదంట. అడిగితే నువ్వే సెప్పినావంట."

తవ్వుకున్న గోతిలో తానే పడ్డాడు. కాఫీ అక్కడే వదిలేసి బొబ్బిలి పరుగెత్తాడు.

"నేను తాగనండి. నిన్న అబద్ధం చెప్పాను."

"నిన్నటిది అబద్ధమో, ఇయాల్టిది అబద్ధమో నాకేటి తెలుస్తాది?" అంది నీలవేణి. అనుమానం ఇప్పుడు ఆమె కళ్లలోకి మారింది. "మీ నోటి మాట నేను నమ్మను. మీరు తిరిగే ఊళ్లలో అడుగుతాను. నాన్నా, ఈయనతో కొండకెళ్లొస్తాను."

"పొద్దు గూకక ముందే వచ్చీ," అన్నాడు నరసింగరావు, దేవేంద్ర వైపు గుర్రుగా చూస్తూ.

ఆ రోజంతా దేవేంద్ర పశువులకి సూదులు వేస్తుంటే, నీలవేణి ఇంటింటా ఆరా తీసింది. చివరి ఊళ్లో మరిడమ్మ అనే ముసలామె ఆవు మెడ నిమురుతూ పకపకా నవ్వింది.

"ఈ బాబు తాగడమేటమ్మా? పండగనాడు కల్లిస్తే వాసనకే తుమ్మినాడు. అనుమానం మనిషి గానీ మంచోడు. ఆవుకి జరమొచ్చిందంటే ముందు అది ఆవేనా అని సూస్తాడు."

తిరుగు దారిలో వాన పట్టుకుంది. జీపు బురదలో దిగబడింది.

"నేను తోల్తాను. మీరు దిగి తొయ్యండి," అంది నీలవేణి.

తోశాడు. చక్రం చిమ్మిన బురద మొహం నిండా పడింది.

"ఎందుకు అబద్ధమాడారు?" వెనక్కి తిరిగి అడిగింది.

"ఎవరితోనో నాకు ముడిపెడుతున్నారనుకున్నాను. నాకు మీరే కావాలి నీలవేణి గారూ. మీరంటే ఇష్టం. చాలా ఇష్టం."

జీపు ఒక్క ఊపున బయటపడి ముందుకు పోయింది. పోతూనే ఉంది. అయిపోయింది, వదిలేసి పోతోంది అనుకున్నాడు దేవేంద్ర. వానలో అలాగే నిలబడిపోయాడు.

గట్టి నేల మీదికి చేరాక జీపు ఆగింది. అతను రొప్పుతూ వచ్చేసరికి నీలవేణి పక్క సీటు మీది నీళ్లు తుడుస్తోంది.

"లిమిటెడ్ స్లిప్పే వేద్దాం," అంది. "మీ దారిలో తారు రోడ్డే ఎక్కువ. ఎప్పుడైనా దిగబడితే తొయ్యడానికి ఇద్దరం ఉంటాం కదా."

"ఇద్దరం అంటే?" అనుమానంగా అడిగాడు.

"ఎక్కండి," అంది నీలవేణి. "ముందు మీ అమ్మగారికి సెప్పాలి."