కొత్త ఫోన్‌కి సీనియారిటీ

ఆదివారం పొద్దున్నే ఈశ్వర్ గడ్డం గీసుకుని, తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు గదిలో కూర్చున్నాడంటే ఇంటికి చుట్టాలొస్తున్నారని అనుకోకండి. ఫోన్ వస్తోంది. బజార్లోకి దిగి నెల కూడా కాని సరికొత్త మోడల్. రాయ్‌పూర్ రైల్వే వ్యాగన్ షాపులో సీనియర్ టెక్నీషియన్ అయిన ఈశ్వర్‌కి రెండు విషయాల్లో తనకు తిరుగులేదని గట్టి నమ్మకం. ఒకటి వ్యాగన్ చక్రాలు, రెండోది ఫోన్లు. చక్రాల సంగతి షాపులో అందరూ ఒప్పుకుంటారు. ఫోన్ల సంగతి ఇంట్లో ఎవరూ కాదనరు, కాదంటే గంటసేపు ఉపన్యాసం వినాలి గనక.

ఆ క్వార్టర్లో ఫోన్ పాడవదు, దిగుతుంది. రెండేళ్ళకోసారి ఈశ్వర్ కొత్తది కొంటాడు. ఆయన పాతది ఇంజనీరింగ్ చదివే కొడుకు హరీష్‌కి, హరీష్‌ది పన్నెండో క్లాసు చదివే ప్రీతికి, ప్రీతిది వాళ్ళమ్మ మాలతికి. కొత్త ఇంజన్‌ని మెయిలు బండికి కడతారు, కాస్త పాతబడితే గూడ్సుకి, మరీ ముసలిదైతే యార్డులో పెట్టెలు అటూ ఇటూ నెట్టే షంటింగుకి వేస్తారు, ఇంట్లోనూ అంతే సీనియారిటీ అని ఈశ్వర్ ప్రతిసారీ నవ్వుతూ చెబుతాడు. షంటింగ్ ఇంజన్ ఎవరిదో మాత్రం చెప్పడు. చెప్పక్కర్లేదు కూడా.

అప్పటికే పిల్లలిద్దరూ మంచం మీద ఫోన్లు పరుచుకుని కూర్చున్నారు. నాన్న ఫోన్లో ఉన్నవన్నీ తుడిచేసి హరీష్‌కి, హరీష్ ఫోన్లోవి తుడిచేసి ప్రీతికి సర్దే పని జోరుగా సాగుతోంది. ప్రీతి ఫోన్ కూడా ఖాళీ అయి, మాలతి కోసం గోడ పక్కన ఛార్జింగులో ఉంది. ఉప్మా పళ్ళేలు తెచ్చిపెట్టిన మాలతి ఆ ఫోన్ కెమెరా మీది గీతని చూసింది. అభన్‌పూర్ వెళ్ళే బస్సు మెట్ల మీంచి జారిపడ్డప్పటి గీత అది. ఆమె కొంగుతో ఒకసారి రుద్ది చూసింది. పోయేది కాదు.

మాలతిది విజయనగరం. ఆమె చెల్లెలు సాయిలక్ష్మికి మూడో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది, దాంతో మాటా రాలేదు. అప్పటినుంచి అక్కచెల్లెళ్ళిద్దరూ తమకి తాము కల్పించుకున్న సైగలతోనే పెరిగారు. ఆ భాష ఏ బళ్ళోనూ నేర్పరు. ముక్కుపుడక తాకితే అమ్మ, చెవి పట్టుకుంటే అక్క. సాయిలక్ష్మి చదువు రెండో తరగతితో ఆగిపోయింది కాబట్టి మెసేజీలు రాయడం రాదు. ఫోన్లో మొహం, చేతులు కనబడితేనే అక్కతో మాట.

గీత పడ్డ మాలతి పాత ఫోన్ కెమెరాకి ఎండ ఉంటేనే చూపు. అందుకే రోజూ పదకొండు గంటలకు మాలతి పెరట్లో నడినెత్తి ఎండలో నిలబడుతుంది. మే నెలలో రాయ్‌పూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడి కాకులకి కూడా తెలుసు. అయినా తల మీద తడి తువ్వాలు వేసుకుని, ఫోన్‌ని గోడ మీద ఆనించి, అరగంట సేపు చేతులతో మాట్లాడుతుంది. పక్క క్వార్టర్ వాళ్ళు నవ్వుకునేవారు. ఈశ్వర్ మాత్రం లోపల సిగ్నల్ రాదు కాబోలు అనుకుని ఊరుకున్నాడు. ఇన్నేళ్ళలో అడగాలని తోచలేదు.

ఇప్పుడు జూలై. నాలుగు రోజులుగా ముసురు. ఎండ లేదు. సాయిలక్ష్మి నిండు చూలాలు. ఇంకా మూడు వారాలుందని డాక్టరమ్మ చెప్పింది, వచ్చే వారానికి మాలతికి టికెట్టు కూడా తీశారు. ముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఆపరేషన్ గదిలో మత్తుమందుతో నిద్రపోయిన మనిషి లేచేసరికి చేతుల్లో ఏమీ లేదు. ఆ భయం చెల్లెలి కళ్ళల్లో ఎలా ఉంటుందో మాలతికి తెలుసు. నాలుగు రోజులుగా ఆ కళ్ళకి అక్క చేతులు మసగ్గా తప్ప కనబడటం లేదు.

ఉప్మా తిని ఈశ్వర్ చెయ్యి కడుక్కుంటుంటే మాలతి తువ్వాలు అందించింది.

"ఏవండీ, ఈసారి కొత్త ఫోన్ నాకివ్వండి."

హరీష్ తలెత్తాడు. ప్రీతి స్పూను ఆపింది. ఈశ్వర్ పెద్దగా నవ్వాడు.

"ఏటి మాలతీ, పొద్దున్నే మజాకా? ప్రీతిది నీకొస్తోంది కదా. నీ దానికంటే బఢియా."

"దాని కెమెరాకీ గీత పడింది. సాయిలక్ష్మికి నా చేతులు కనబడటం లేదండీ. ఎండ ఉంటే కాస్త నయం. ఈ ముసురులో వేళ్ళన్నీ ఒకటే ముద్ద."

"అందుకా అమ్మా, నువ్వు ఎండలో నిలబడేది?" అంది ప్రీతి మెల్లగా. "మేం సిగ్నల్ కోసమనుకున్నాం."

ఆ మాటకి ఈశ్వర్‌కి లోపలెక్కడో చురుక్కుమంది. కానీ ఇంటి యజమానికి చురుక్కుమంటే సాధారణంగా ఏం చేస్తాడో అదే చేశాడు, గొంతు పెంచాడు. ఇది మామూలు ఫోన్ కాదనీ, రాత్రి పూట చంద్రుణ్ణి కూడా తీసే కెమెరా అనీ, దాని విలువ తెలిసినవాళ్ళ చేతిలో ఉంటేనే కొన్నందుకు సార్థకమనీ చెప్పుకుపోయాడు. మాలతి అంతా విన్నది.

"చంద్రుడితో మీకేం పనండీ?" అంది చివరికి. "ఈ ఇంట్లో ముగ్గురు ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడతారు. చేతులతో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే. మీకు కెమెరా సరదా. నాకు అదే గొంతు."

"రోజూ అరగంట చేతులూపుకోడానికి కొత్త ఫోనా? ఫాల్తూ మాటలు ఆపు."

ఆ మాట నోట్లోంచి జారిపోయింది. వెనక్కి తీసుకునే వీలుండే మాట కాదది. మాలతి పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కుళాయి చప్పుడు మధ్య ఆమె ఏడుస్తోందని పిల్లలిద్దరికీ తెలుసు. ఈశ్వర్‌కీ తెలుసు.

పార్శిల్ రానే వచ్చింది. రెండేళ్ళుగా ఎదురుచూసిన డబ్బా తెరిచాడు గానీ, ఈసారి చుట్టూ మూగినవాళ్ళెవరూ లేరు. హరీష్ సిమ్ మార్చి, వాట్సాప్ ఎక్కించి, ఫోన్‌ని బల్ల మీద పెట్టి పోయాడు. ఈశ్వర్ కిటికీలోంచి వానని ఫొటో తీశాడు. చాలా బాగా వచ్చింది. చూపిద్దామని వెనక్కి తిరిగితే గదిలో ఎవరూ లేరు.

అప్పుడే వంటింట్లో మాలతి ఫోన్ మోగింది. సాయిలక్ష్మి భర్త దానయ్య. ఆటో నడుపుకునే మనిషి, భార్యంటే ప్రాణం. అన్నం, నిద్ర, సంత లాంటివి సైగల్లో చెప్పగలడు గానీ అంతకు మించి రాదు. పొద్దున్నే నొప్పులొచ్చాయట, ఆసుపత్రికి తెచ్చాడట. బిడ్డ అడ్డం తిరిగిందనీ, వెంటనే ఆపరేషన్ చెయ్యాలనీ డాక్టరమ్మ అంటోంది. సాయిలక్ష్మి మంచం ఇనప చువ్వ పట్టుకుని వదలడం లేదు. ఎవరినీ దగ్గరకి రానివ్వడం లేదు.

"ఒదినా, నువ్వు చెప్తేనే ఇంటాది. నా వల్ల అవట్లేదు. టైము లేదంటన్నారు."

మాలతి వీడియో నొక్కింది. మసకబారిన ఆ పాత తెర మీద ఏదో బూడిద రంగు కదిలింది. అందులో చెల్లెలి మొహం ఎక్కడుందో, చేతులెక్కడున్నాయో తెలియలేదు. అవతల సాయిలక్ష్మి కూడా ఫోన్‌లోకి చూసి, అక్క కనబడక మొహం పక్కకి తిప్పేసుకుంది. మాలతి ఫోన్ పట్టుకుని వానలోకి పెరట్లోకి పరిగెత్తింది. అక్కడా వెలుగు లేదు. మిగతా ఫోన్లన్నీ తుడిచేసి ఉన్నాయి, ఒక్కటీ పనికొచ్చే స్థితిలో లేదు.

గుమ్మంలో నిలబడి ఈశ్వర్ ఇదంతా చూశాడు. వానలో తడుస్తూ ఎండ కోసం ఆకాశం వైపు చూస్తున్న భార్యని చూశాడు. ఇన్నేళ్ళూ ఆమె పెరట్లో ఎందుకు నిలబడిందో ఆ క్షణాన అతనికి పూర్తిగా అర్థమై, సిగ్గేసింది.

"దానయ్యా, నా నంబరుకి చెయ్యి, తొందరగా" అని అరిచి, మాలతిని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. కొత్త ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రీతి చదువుకునే లైటు తెచ్చి అమ్మ చేతుల మీద పడేలా పట్టుకుంది. హరీష్ పక్క నుంచి తెరని చూసి చెప్పాడు. "నాన్నా, కాస్త పైకి. బస్, చాలు, అలాగే ఉంచు."

తెర మీద సాయిలక్ష్మి మొహం దిగింది. చెమట, చెదిరిన జుట్టు, వణికే పెదవులు, అన్నీ ఎదురుగా ఉన్నట్టే. అక్కని చూడగానే ఆమె చువ్వ వదిలేసింది. రెండు చేతులూ కలిపి ఊయల ఊపినట్టు ఊపి, గబుక్కున విడదీసి ఖాళీ అరచేతులు చూపించింది. పోయినసారి సంగతి. దాన్ని అర్థం చేసుకోడానికి ఈశ్వర్‌కి ఆ భాష రానక్కర్లేకపోయింది.

మాలతి చేతులు కదిలాయి. పొట్ట మీద గీత గీసింది, చెంప కింద అరచెయ్యి పెట్టి నిద్ర చూపించింది, నిద్ర లేచినట్టు కళ్ళు తెరిచి ఊయల ఊపింది. సాయిలక్ష్మి మళ్ళీ ఖాళీ చేతులు చూపింది. మాలతి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది, విసుగు లేకుండా, ఒక్కో వేలూ స్పష్టంగా. చివరికి తన నడినెత్తి మీద తనే చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది. తర్వాత రైలు చక్రాల్లా రెండు చేతులూ తిప్పి గుండె మీద ఆనించుకుంది. వస్తున్నాను.

ఈశ్వర్ భుజాలు లాగుతున్నాయి. ఫోన్ మాత్రం కదలనివ్వలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఇంత మాట్లాడగలదని అతనికి తెలియదు. అతని కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

సాయిలక్ష్మి చాలాసేపు అక్క మొహంలోకి చూసింది. తర్వాత తల ఊపి, నర్సు వైపు చెయ్యి చాపింది.

సాయంత్రం బండికి మాలతి బయల్దేరింది. తన సిమ్ కొత్త ఫోన్లోకి వచ్చిందని స్టేషన్లో గానీ ఆమె చూసుకోలేదు. గీత పడ్డ ఆమె పాత ఫోన్ ఈశ్వర్ జేబులో ఉంది. ఇదేంటండీ అని ఆమె అడిగితే, బరువు లాగే బండికే మంచి ఇంజన్ కట్టాలని షాపులో చేరిన మొదటి రోజే నేర్పారనీ, ఇంటికొచ్చేసరికి తాను మరిచిపోయాననీ చెప్పాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"పొద్దున ఊపుకోడం అన్నాను. అది తప్పుడు మాట మాలతీ. మాఫ్ చెయ్యి."

మాలతి ముక్కు ఎగబీల్చి, సంచీ సర్దుకుంటూ, ఇకమీదట ఈ ఫోన్ నా చేతిలోంచి ఇంకొకరికి దిగదు, ముందే చెబుతున్నాను అంది. దిగదని ఈశ్వర్ ఒప్పుకున్నాడు.

ప్లాట్‌ఫారం మీద ఉండగానే వీడియో ఫోన్ వచ్చింది. నీరసంగా పడుకున్న సాయిలక్ష్మి, పక్కన గుడ్డల్లో ఎర్రటి పసిపిల్ల. మాలతి ఏడుస్తూ నవ్వింది. చెల్లెలు ఏదో అడిగింది. మాలతి తల కిందికి వంచి, అరచేతి మీద బొటనవేలితో రుద్దుతూ జవాబిచ్చింది.

"ఏమంటోంది?" అన్నాడు ఈశ్వర్.

"పొద్దున ఫోన్ పట్టుకున్నదెవరని అడిగింది. మీరని చెప్పాను."

"అదా నా పేరు?"

"మునుపు మీసం తిప్పితే మీరు. మీ తల ఫోన్లోంచి లేవడం మానేశాక చెల్లెలే దాన్ని ఇలా మార్చింది."

ఈశ్వర్ తల దించుకున్నాడు. దించుకున్నాక ఆ సైగ గుర్తొచ్చి చప్పున ఎత్తాడు. తెర మీద సాయిలక్ష్మి అతన్నే చూస్తోంది. కాసేపు ఆలోచించి, సూది గుచ్చిన చేతినే మెల్లగా లేపి, రెండు అరచేతులూ ఫోన్ పట్టుకున్నట్టు మొహానికి ఎదురుగా నిలబెట్టి, కదలకుండా పట్టుకుని చూపించింది. అక్క వైపు చూసి తల ఊపింది.

"పేరు మార్చింది" అంది మాలతి.

మాలతి ఎక్కింది, బండి కదిలింది. కిటికీలోంచి మాలతి చెయ్యి ఊపింది. ఈశ్వర్ ఊపలేదు. వాన చినుకుల్లో ప్లాట్‌ఫారం మీద నిలబడి, రెండు అరచేతులూ మొహానికి ఎదురుగా ఎత్తి, బండి మలుపు తిరిగేదాకా కదలకుండా పట్టుకున్నాడు.